నర్సమ్మ పై అధికారి

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి, చెప్పుల దుకాణాల వరస పక్క సందులోకి తిరిగితే వసుమతి హ్యాండ్లూమ్స్ వస్తుంది. దుప్పట్లు, తువ్వాళ్లు, లుంగీలు, కర్టెన్లు. మూడంతస్తులు, ముప్పై చిల్లర సిబ్బంది, ఒక లిఫ్టు. ఆ లిఫ్టు బిగించిన మర్నాడే మరమ్మతుకు వచ్చి ఇప్పటికీ మరమ్మతులోనే ఉంది. యజమాని వరప్రసాద్. ఆయన తండ్రి చీరాల నుంచి రెండు దుప్పట్ల మూటలు భుజాన వేసుకుని నాంపల్లి స్టేషన్లో దిగిన మనిషి. మూటలు మోసి తండ్రికి నడుం వంగింది. ఆ మూటల మీద కూర్చుని కొడుక్కి మెడ బిగుసుకుంది.

బోర్డు మీద ఉన్నది ఆయన భార్య పేరు. గల్లాపెట్టె తాళం ఆయన జేబులో ఉంటుంది. కాని ఆ దుకాణంలో ఎవరు కదలాలన్నా లక్ష్మీనర్సమ్మ చాయ్ కెటిల్‌ను దాటుకుని పోవలసిందే.

నర్సమ్మది జనగామ పక్క ఊరు. కూలి పనులు మాని పట్నం వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకుని, వసుమతి హ్యాండ్లూమ్స్‌లో చాయ్ పెట్టడానికి కుదిరింది. అప్పటికి వరప్రసాద్ తలకు జుట్టుండేది. మొగుడు మల్లయ్య స్టేషన్ పక్కనే ఒక గోదాముకు కావలి. కావలి అంటే కుర్చీ. ఆ కుర్చీలో ఆయన ఎంత నిబ్బరంగా కూర్చుంటాడంటే, గోదాములో ఎలుకలు కూడా ఆయన నిద్ర చెడకుండా మునివేళ్ల మీద నడుస్తాయని చెప్పుకుంటారు.

ఆ దుకాణంలో సెలవు అడగడానికి ఒక పద్ధతుంది. ఎవరూ యజమాని మొహం చూసి అడగరు. అడిగితే ఆయన తండ్రి మూటల దగ్గర మొదలుపెట్టి, రైలు, స్టేషను, వాన, ఆకలి అన్నీ చెప్పి, చివరకు "మరి ఆయనెప్పుడైనా సెలవు పెట్టాడా?" అని ముగిస్తాడు. అది వినడం కంటే పనిలోకి రావడమే సుఖం. అందుకని అందరూ చాయ్ తాగుతూ నర్సమ్మ చెవిన వేసేవాళ్లు. ఆమె పొద్దున చాయ్ తీసుకుని పై గదిలోకి పోయి, సారు మొదటి గుక్క ఎలా తాగుతాడో చూసేది. ఊదుకుని తాగితే పరవాలేదు. సాసర్లో పోసుకుని జుర్రుకుంటే ఏం అడిగినా ఇస్తాడు. కప్పు పక్కకు జరిపి ఫోను చూస్తే నోరెత్తకూడదు. అదను చూసి, "సారూ, ప్రహ్లాద్ అత్తకు పాణం మంచిగ లేదట, రెండొద్దులు పోయొస్తడట," అనేది. ఆయన "ఊఁ" అనేవాడు. ఆ ఊఁలలో రకాలు ఆమెకే తెలుసు. కిందికొచ్చి ఏమీ చెప్పేది కాదు. అడిగినవాడి సాసర్లో చాయ్ పక్కన ఒక ఉస్మానియా బిస్కెట్ కనపడితే సెలవు వచ్చినట్టు. కనపడకపోతే, అత్త తన ఆరోగ్యం తానే చూసుకోవాలి.

తన సెలవు మాత్రం ఆమె అడిగేది కాదు. "రేపు రాను సారూ," అనేది. ఆయన "ఊఁ" అనేవాడు. ఒక్క పోయిన జాతరకే లెక్క తప్పింది.

ఆ జాతర సంగతి ఇదీ. వెనక ఒకసారి మల్లయ్యకు విషజ్వరం వచ్చి దవాఖానలో అగరుబత్తి పుల్లలా పడుంటే, నర్సమ్మ మేడారం సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం మొక్కింది. తెలియనివాళ్లు కంగారు పడక్కర్లేదు, మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని తూకంలో కూర్చోబెట్టి అంత బెల్లం తల్లికి ఇవ్వాలి. మల్లయ్య బతికాడు. బతకడంతో ఆగకుండా, నాంపల్లి దర్గా దారిలో కాల్చే కబాబుల మీద మనసు పడ్డాడు. రెండేళ్లకోసారి వచ్చే జాతరకు సరిగ్గా వరప్రసాద్ ఇంటికి చుట్టాలు దిగారు. వాళ్లకు చాయ్ పెట్టాలని నర్సమ్మను ఆయన ఆపేశాడు. అప్పటినుంచి మల్లయ్య ఇంకా పెరిగాడు. మొక్కు ఆలస్యమైనకొద్దీ బెల్లమూ పెరుగుతోంది. ఆయన ఎదురైతే బేగం బజార్ బెల్లం వ్యాపారులు గల్లా మీంచి లేచి నమస్కారం పెట్టేవాళ్లు.

"ఈసారి మొక్కు తీర్చకుంటే తల్లి ఊకుంటదా?" అని నర్సమ్మ గుబులు పడేది. "ఇంకో రెండేండ్లు ఆగితే నిన్ను తూచే కాంటా గూడ దొరకదు."

"తల్లికే లేని తొందర నీకెందుకే?" అనేవాడు మల్లయ్య కబాబు వైపు చూస్తూ.

ఇలా ఉండగా వరప్రసాద్ బావమరిది జనార్దన్ ఒక మాటన్నాడు. జనార్దన్‌కు హిమాయత్‌నగర్‌లో నగల దుకాణం ఉంది. ఏదో శుభకార్యంలో బంతిలో పక్కన కూర్చుని, పప్పు కలుపుకుంటూ, "బావగారూ, మీరింకా హాజరుపట్టీలో సంతకాలేనా?" అన్నాడు. "మీ ఇంటికి కరెంటు వచ్చిందా?" అని అడిగినట్టుంది ఆ గొంతు. మేం సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం, హాజరు, సెలవులు, జీతాలు అన్నీ ఫోన్లోనే అని చెప్పి పెరుగు వడ్డించుకున్నాడు. వరప్రసాద్‌కు ఆ పెరుగు తన ఆకులో విరిగినట్టయింది. వారం తిరక్కుండా, బావమరిది కొన్నదానికంటే పెద్దది కొనేశాడు.

దాని పేరు హ్యూమనోరా. పది దేశాల్లో వేలకు వేలు సిబ్బంది ఉన్న కంపెనీల కోసం చేసిన వస్తువు. దుప్పట్లు అమ్ముకునే ముప్పై మందికి దాన్ని తగిలించడం, చీమకు గండపెండేరం తొడిగినట్టు. సెలవుల రకాల్లో మంచు తుఫాను సెలవు కూడా ఉంది. జనవరి చలిలో సీనియర్ సేల్స్‌మన్ ప్రహ్లాద్ ఒక రోజు దాన్ని వాడుకున్నాడు కూడా.

ఆ సాఫ్ట్‌వేర్ నేర్పడానికి భానుతేజ అనే కుర్రాడు వచ్చాడు. విజయవాడ హాస్టల్లో చదివి, బెంగళూరులో ఉద్యోగం చేసి, ఈ మధ్యే హైదరాబాద్ బదిలీ అయినవాడు. చెవుల్లో తెల్ల గింజలు పెట్టుకుని ఒకేసారి ఎదుటి మనిషితోనూ బెంగళూరుతోనూ మాట్లాడేవాడు. ఇదంతా క్లౌడ్‌లో ఉంటుందన్నాడు. మబ్బుల మీద వేయగలిగిన జోకులన్నీ ఆ రోజే అబిడ్స్‌లో ఖర్చయిపోయాయి, ఇక్కడికి ఒక్కటీ మిగల్లేదు. అసలు సంగతి సులువే. మన వంటింటి డబ్బాలన్నీ ఊరవతల ఎవరి గోదాములోనో పెట్టి, చిటికెడు ఉప్పు కావాలన్నా వాడికి ఫోన్ చేసి, నెలనెలా కిరాయి కూడా మనమే కట్టడం.

ముందుగా అందరి మొహాలూ ఎక్కించారు. ఫోను ముందు నిలబడి మొహం చూపిస్తే హాజరు. నర్సమ్మ కెటిల్ చేత్తో పట్టుకునే నిలబడింది. కెటిల్ కూడా ఎక్కింది. దుకాణం నాలుగు గోడల మధ్య చూపిన మొహమే చెల్లుతుంది. ఏటా జనవరిలో మొదలయ్యే నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌లో వసుమతి వాళ్ల స్టాలుంది. అక్కడ పనిచేసేవాళ్లు పొద్దున అబిడ్స్ వచ్చి మొహం చూపించి నాంపల్లి పోయేవాళ్లు. సాయంత్రం మళ్లీ అబిడ్స్ వచ్చి మొహం చూపించి, నాంపల్లి మీదుగా ఇంటికి పోయేవాళ్లు. దీనివల్ల పని సులువవుతుందని భానుతేజ చెప్పాడు. ఎవరి పని అని ఎవరూ అడగలేదు.

తరవాత అందరి ఫోన్లలోకీ ఒక ప్రశ్న వచ్చింది: మీ సెలవు ఎవరు మంజూరు చేస్తారు?

"నిజంగా ఏం జరుగుతుందో అదే రాయండి," అన్నాడు భానుతేజ. "సిస్టమ్‌కి రియాలిటీ కావాలి."

రియాలిటీ కావాలంటే వసుమతి హ్యాండ్లూమ్స్‌లో కొరతేముంది? ప్రహ్లాద్ లక్ష్మీనర్సమ్మ అని రాశాడు. దుప్పట్ల కౌంటరులో ఉజ్వల కూడా అదే రాసింది. పై అంతస్తు, కింది అంతస్తు, లిఫ్టు ముందు కుర్చీ వేసుకునే బబ్లూ, అందరూ అదే రాశారు. నర్సమ్మ వంతు వచ్చింది.

"మీ సెలవు ఎవరిస్తారు మేడమ్?"

"నాకెవరిస్తరు బిడ్డా? నేనే చెప్పి పోత."

భానుతేజ ఆ గడి ఖాళీగా వదిలాడు. ఒక సంస్థలో ఖాళీ గడి ఒక్కరికే ఉండాలి, వాళ్లే అందరికంటే పైవాళ్లు. ఇది హ్యూమనోరా నియమం. చివరకు వరప్రసాద్ పేరు ఎక్కించేసరికి, ఆయన పైన పెట్టడానికి సాఫ్ట్‌వేర్ చూపించినది ఒక్క పేరే. అందరూ అంత భక్తిగా రాసిన ఆ లక్ష్మీనర్సమ్మ యజమాని తల్లి అయి ఉంటుందని, పెద్దావిడ గనక నిరాడంబరంగా తానే అందరికీ చాయ్ ఇస్తోందని భానుతేజ అనుకున్నాడు. ఆ నిరాడంబరతకు మనసులోనే దండం పెట్టి బటన్ నొక్కాడు.

ప్రారంభోత్సవానికి జనార్దన్‌ను ప్రత్యేకంగా పిలిచారు. కింది అంతస్తులో దుప్పట్ల ప్రకటనలు తిరిగే టీవీలో సంస్థ నిర్మాణం వేశారు. తలకిందులుగా వేలాడే చెట్టులా ఉందది. అన్నిటికంటే పైన నర్సమ్మ, చేతిలో కెటిల్, కింద "హెడ్ ఆఫ్ ఆర్గనైజేషన్" అని. ఆమె కింద ముప్పై చిల్లర బొమ్మలు. వాటిలో బబ్లూకూ ఉజ్వలకూ మధ్యన, మెడ బిగించుకుని, వరప్రసాద్.

దుకాణంలో ఎంత నిశ్శబ్దమంటే, మొజంజాహీ మార్కెట్ గడియారం ముల్లు కదలడం వినపడింది.

"ఇదేవిటి బావగారూ?" అన్నాడు జనార్దన్.

తప్పు జరిగిందంటే బావమరిది ముందు పరువు పోతుంది. వరప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "ఎంపవర్‌మెంట్ జనార్దన్! ఈ రోజుల్లో మేనేజ్‌మెంటంటే ఇదే. పైవాళ్లు కిందకి రావాలి, కిందవాళ్లు పైకి వెళ్లాలి. నేను కావాలనే పెట్టించా. నాతో సహా అందరూ సిస్టమ్ మాటే వినాలి."

జనార్దన్ చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. తర్వాత వరప్రసాద్ భానుతేజను దుప్పట్ల బీరువా వెనక్కి లాక్కుపోయాడు.

"సర్, నేను మీ మదర్ అనుకున్నాను."

"మా అమ్మ పోయి పదేళ్లయింది! ముందు ఆవిణ్ణి కిందకి దించు."

"మార్చిలో లెక్కల సంవత్సరం ముగిసేదాకా కుదరదు సర్. పైన కొత్తవాళ్లని చేర్చొచ్చు గానీ, ఉన్నవాళ్లని కిందకి దించలేం."

"అయితే నన్నే పైన చేర్చు."

"మీరు ఆల్రెడీ కింద ఉన్నారు సర్. ఒక మనిషి తన పైన తానే ఉండడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు."

భార్య వసుమతిని పైన చేర్చితే? ఒక్క క్షణం ఆలోచించాడు. ఇంట్లో ఉన్న ఏర్పాటును దుకాణం దాకా తెచ్చుకోవడం దేనికని ఊరుకున్నాడు.

ఇక నర్సమ్మ ఏలుబడి మొదలైంది. ఫోన్లో అర్జీ వస్తే అడిగినవాళ్ల బొమ్మ, దాని కింద ఒక పచ్చ బటన్, ఒక ఎర్ర బటన్ కనపడేవి. మొదట్లో ఆమె అందరికీ పచ్చదే నొక్కింది. కాని ఇన్నాళ్లూ "ఊఁ" ఆయనది, మోత ఆమెది. ఇప్పుడు ఊఁ కూడా ఆమెదే. దాని రుచి వేరు. ప్రహ్లాద్ బయటినుంచి ఇరానీ చాయ్ తెచ్చి ఆమెకే ఇవ్వడం మొదలుపెట్టాడు. జీవితమంతా చాయ్ పోసిన మనిషికి ఎవరో చాయ్ పోస్తే వెన్నెముక దానంతటదే నిటారవుతుంది. కుర్చీ చేసే పని అదే, మనిషి మంచిదా చెడ్డదా అని అది చూడదు.

జాతర దగ్గరపడింది. నుమాయిష్ మంచి ఊపులో ఉంది. సిబ్బందిలో సగం మంది వరంగల్, జనగామ వైపువాళ్లే. అర్జీలు వానలా పడ్డాయి. నర్సమ్మ లెక్క వేసుకుంది. వీళ్లందరినీ పంపిస్తే దుకాణం ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే సారు తనను ఆపుతాడు. కనక వీళ్లు ఆగితేనే తాను పోగలదు. ఎర్ర బటన్ నొక్కింది. కారణం ఎంచుకోమంటే అన్నిటికంటే పైన ఉన్నది ఎంచుకుంది: వ్యాపార అవసరాల దృష్ట్యా.

"అక్కా, మా అవ్వ మొక్కు ఉన్నది. జర జూడు," అంది ఉజ్వల కన్నీళ్లతో.

"నా చేతులేముంది పిల్లా? సిస్టం ఒప్పుకోలే."

"సిస్టం అంటే నువ్వే గద అక్కా!"

"గట్ల మాట్లాడొద్దు. పనికాడ పని జూస్కో."

వెనక నుంచి ప్రహ్లాద్ అన్నాడు, "అక్క గూడ సేటు అయింది రా. ఇగ తండ్రి మూటల కత మొదలుపెడ్తది."

మాట తగిలింది. అయినా నర్సమ్మ చెవిన పెట్టలేదు. బెల్లం బేరమాడి ఉంచింది. మేడారం పోయి రావడానికి నాలుగు రోజులు కావాలి. తన అర్జీ తానే పెట్టుకుంది. ఫోను ఒక చక్రం తిప్పి, ఒక మాట చూపించింది. ఉజ్వలనే పిలిచి చదవమంది. మనసులో ఏముందో గాని ఉజ్వల గట్టిగానే చదివింది: "మీ సెలవును మీరు మంజూరు చేసుకోలేరు. మీ పై అధికారిని సంప్రదించండి."

పై అధికారి లేడు. నర్సమ్మ పాత దారి పట్టింది. చాయ్ తీసుకుని పై గదిలోకి పోయింది.

"సారూ, జాతరకు పోత. నాలుగొద్దులు రాను."

వరప్రసాద్ సాసర్లో పోసుకుని జుర్రుకున్నాడు. ఆమె గుండె కుదుటపడింది. అప్పుడాయన నవ్వాడు. ఆనాటి బంతి భోజనంలో విరిగిన పెరుగు నుంచి టీవీలో బబ్లూ పక్కన పడ్డ బొమ్మ దాకా అంతా ఆ నవ్వులో ఉంది.

"నాదేముంది నర్సమ్మా? నేను నీ కింద పనిచేసేవాణ్ణి. సిస్టమ్ ఒప్పుకోవాలిగా."

"చెప్పకుండ పోతే?"

"వెళ్లు, నేనాపను. కానీ మంజూరు లేకుండా మూడు రోజులు రాకపోతే, ఉద్యోగం వదిలేసినట్టు లెక్కేసి సిస్టమే పేరు తీసేస్తుందట. ఆ తరవాత నీ మొహం చూపించినా గుర్తుపట్టదు."

నర్సమ్మ ఖాళీ కప్పుతో దిగింది. పోతే ఉద్యోగం పోతుంది. పోకపోతే మొక్కు పోతుంది, మల్లయ్య మాత్రం పోడు, పెరుగుతాడు. మెట్ల మీద నిలబడి ఫోను చూసుకుంది. అందులో వరప్రసాద్ అర్జీ ఒకటుంది. కిందివాళ్లను పైకెక్కించిన గొప్ప యజమాని అని హ్యూమనోరా వాళ్లు ఆయనకు బెంగళూరులో బహుమతి ఇస్తున్నారు. అదీ జాతర రోజుల్లోనే. అంతా సిస్టమ్ ప్రకారమే నడుస్తోందని వేదిక మీద తెర వేసి చూపిస్తారు గనక, ఆయన కూడా సెలవు అడిగే పోవాలి. నర్సమ్మ పచ్చదీ నొక్కలేదు, ఎర్రదీ నొక్కలేదు. అటుకుల్లా నానబెట్టింది.

మర్నాడు భానుతేజ పరుగెత్తుకుంటూ వచ్చాడు. సంస్థ అధిపతి నర్సమ్మ అర్జీకే దిక్కు లేక తెర మీద ఎర్ర గుర్తు వెలుగుతోంది, ఇది వేదిక మీద ఎలా చూపించాలని బెంగళూరు అతని చెవిలో అరుస్తోంది.

"మేడమ్, మీ పైన ఒకరుండాలి. ఎవరో ఒకరు. ఎవరున్నారు?"

నర్సమ్మ ఉన్న దిగులుకు చేతులు జోడించి పైకి చూసింది. "నా మీద ఎవరుంటరు బిడ్డా? సమ్మక్క తల్లి ఒక్కతే ఉన్నది."

"సమ్మక్క... ఇంటిపేరు తల్లి. ఓకే. ఏ బ్రాంచ్?"

"మేడారం."

"అక్కడ కూడా బ్రాంచ్ ఉందా? గ్రేట్. డెసిగ్నేషన్ చైర్‌పర్సన్ అని పెడుతున్నా. ఫోన్ నంబర్ చెప్పండి, కోడ్ వస్తుంది."

సారు తల్లి అనుకుని తనను ఎక్కించినవాడు ఇప్పుడు ఎవరిని ఎక్కిస్తున్నాడో నర్సమ్మకు తెలిసింది. చెప్పేద్దామనుకుంది. నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి మల్లయ్య ఫోన్ నంబర్ వచ్చింది.

పైన కొత్త అధికారి చేరితే, కింది అధికారి కాదన్నవీ నానబెట్టినవీ అన్నీ పునఃపరిశీలనకు పైకి పోతాయని హ్యూమనోరాలో ఒక ఏర్పాటుంది. పుస్తకంలో ఎక్కడో చివరి పేజీల్లో రాసి ఉందది. భానుతేజ అంతదాకా చదవలేదు. ఆ పుస్తకం రాసినవాడైనా చదివాడో లేదో.

ఆ సాయంత్రం గోదాము ముందు కుర్చీలో మల్లయ్య ఫోను మోగడం మొదలుపెట్టింది.

"నాది వస్తది, పచ్చది నొక్కు," అని చెప్పి నర్సమ్మ పక్క దుకాణంలో కొబ్బరికాయలు ఏరుకుంటోంది. తిరిగొచ్చేసరికి మల్లయ్య ఫోను జేబులో పెట్టుకుని, పెద్ద పని చేసినవాడిలా ఒళ్లు విరుచుకుంటున్నాడు.

"నొక్కినవా?"

"ఔ, నొక్కిన. నీది నొక్కిన. ఎన్క నుంచి ఉజ్వల పిల్ల బొమ్మ వచ్చింది, నొక్కిన. ప్రహ్లాద్‌ది వచ్చింది, బబ్లూగాడిది వచ్చింది. దుకాణమంత వచ్చింది. అందరియి నొక్కిన."

"ఓరి నీ నోట్ల మన్నువడ! గందరు పోతే దుకాణం ఎవరు జూస్తరు?"

"నాకు తెల్వదా? గందుకే ఆఖరికి మీ సారు బొమ్మ వస్తే ఎర్రది నొక్కిన. ఒక్కడన్న ఉండాలె గద!"

దుకాణంలో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఉజ్వల తన ఫోను చదివి, చేతిలో దుప్పటి వదిలేసి, కళ్లకద్దుకుంది. "మీ సెలవు మంజూరైనది. సమ్మక్క తల్లి, చైర్‌పర్సన్, మేడారం." ఇక ఆమెను ఆపడం ఎవరి తరం? తల్లే రమ్మంది. ప్రహ్లాద్‌కు ఒళ్లు జలదరించింది. మంచు తుఫాను సెలవు దొంగతనంగా వాడుకున్నందుకు అక్కడికక్కడే లెంపలు వేసుకున్నాడు.

పై గదిలో వరప్రసాద్ కూడా చదువుకున్నాడు. "మీ సెలవు తిరస్కరించడమైనది. కారణం: వ్యాపార అవసరాల దృష్ట్యా."

ఒక్క కేకతో భానుతేజను పిలిపించాడు. "ఎవర్ని పెట్టావో తెలుసా నువ్వు? తీసెయ్! ఇప్పుడే తీసెయ్!"

సంగతి విని భానుతేజ చెవుల్లోని గింజలు రెండూ ఊడి కింద పడ్డాయి. వాటిని ఏరుకోకుండానే నొక్కాడు. చైర్‌పర్సన్‌ను తొలగించడానికి కారణం ఎంచుకోండి, అంది తెర. రాజీనామా చేశారు. పదవీ విరమణ చేశారు. పనితీరు బాగాలేక తీసేశాం. చనిపోయారు.

"ఏది నొక్కమంటారు సర్?"

వరప్రసాద్ నాలుగూ చదివాడు. మళ్లీ చదివాడు. ఏసీ గదిలో ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టి, రెండు చేతులతో మెల్లగా ల్యాప్‌టాప్ మూశాడు.

బేగం బజార్‌లో తూకం రోజున మల్లయ్యను కాంటా ఎక్కిస్తే, రెండో పళ్లెంలో పెట్టడానికి బెల్లం వ్యాపారి పక్క దుకాణం సరుకు కూడా అప్పు తెచ్చాడంటారు. నమ్మకపోతే మానండి. ఇమ్లీబన్ బస్టాండులో ఆ బెల్లం మూటలతో నర్సమ్మ బస్సు ఎక్కేసరికి, సీట్లన్నీ తాను ఎర్రది నొక్కిన మొహాలే. ఎవరూ పలకరించలేదు. కెటిల్ లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు.

"జర జరుగు పిల్లా," అంది ఉజ్వలతో చిన్నగా.

"వ్యాపార అవసరాల దృష్ట్యా గీడ జాగ లేదక్కా," అంది ఉజ్వల.

బస్సంతా గొల్లున నవ్వింది. నర్సమ్మ తల వంచుకుంది. కాసేపయ్యాక ఉజ్వల జరిగింది. జనగామ దాటేదాకా వాళ్లు ఆమెను "మేడమ్" అనే పిలిచారు. దాటాక, పాపం పోనీలెమ్మని మళ్లీ అక్క అన్నారు. మొక్కు తీరింది. గద్దె దగ్గర మల్లయ్య ఎత్తు బెల్లం తల్లికి ఇచ్చి, తప్పయిందని నర్సమ్మ గట్టిగానే చెప్పుకుంది. ఏ తప్పో చెప్పలేదు. పక్కన నిలబడ్డవాళ్లకు తెలుసు.

అక్కడ వాళ్లు తల్లి ముందు నిలబడిన వేళకు, నాంపల్లి నుమాయిష్ స్టాల్లో వరప్రసాద్ తానే దుప్పట్లు విప్పి చూపిస్తున్నాడు. తండ్రి తరవాత ఆ ఇంట్లో మూట ఎత్తడం అదే మొదలు. భానుతేజ తువ్వాళ్లు మడత పెట్టాడు. బెంగళూరులో వేదిక మీద తెర వేశారు. యజమాని సెలవునే చైర్‌పర్సన్ కాదన్న సంస్థ దేశంలో ఇంకెక్కడుందని జనం లేచి చప్పట్లు కొట్టారట. ఆయన తరఫున బహుమతి తీసుకోవడానికి జనార్దన్ పోయాడు. అది ఇప్పటికీ హిమాయత్‌నగర్‌లో, నగల దుకాణం అద్దాల బీరువాలోనే ఉంది.

జాతర నుంచి వచ్చిన మర్నాడు నర్సమ్మ చాయ్ పెట్టింది. కింద అందరికీ పోసి, అడిగినా అడక్కపోయినా అందరి సాసర్లలో ఒక్కో బిస్కెట్ పెట్టింది. తరవాత పైకి పోయింది. వరప్రసాద్ నడుం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె కప్పు బల్ల మీద పెట్టింది. ఆయన కప్పు చూడలేదు, సాసర్ చూశాడు. అందులో చిన్న బెల్లం ముక్క ఉంది.

కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. గొంతు తగ్గించాడు. పుట్టి బుద్ధెరిగిన తరవాత మొదటిసారి ఆయన నోట ఈ ఊరి మాట వచ్చింది.

"నర్సమ్మా, వేసవిలో పిల్లల్ని ఊటీ తీసుకెళ్దామనుకుంటున్నాం. నా సంగతి... జర పైన చెప్పు."

నర్సమ్మ కొంగు దులుపుకుంది. ఆయన మొదటి గుక్క ఎలా తాగుతాడో చూద్దామని అలవాటుగా ఆగి, ఇక ఆ అవసరం లేదని గుర్తొచ్చి, కెటిల్ ఎత్తుకుంది.

"చూస్త సారూ," అంది. "తల్లి మనసు ఎట్లున్నదో అదను జూసి అడుగుత."